మొదటి చేప పడేదాకా

నమ్మని ఆచారాన్ని మీరెప్పుడూ పాటించలేదా? నేను పాటించాను.

నిరుడు ఒక ఆదివారం ఉదయం సాలువా చెరువులో నేనూ, నా స్నేహితులు అప్పారావూ, సూరిబాబూ గాలాలు వేశాం. మొదటి చేప పడేదాకా ఎవరూ లేవకూడదన్నది మా ఆనవాయితీ. కూతురి పరీక్షల గురించి చెబుతున్న అప్పారావు మధ్యలో ఆగాడు.

"ఎడమ సెయ్యి లాగేస్తంది బావా, ఎల్లిపోదాం."

"ఏటిరా, సేప లాగాల్సింది పోయి సెయ్యి లాగుతందా? కూకో!" అని సూరిబాబు నవ్వాడు.

హేతువాద సభల్లో గొంతు చించుకునే నేనూ "ఒక్కటి పడనీరా" అన్నాను.

అరగంటకు నా గాలానికి చేప పడింది. చూపిద్దామని తిరిగేసరికి అప్పారావు గట్టు మీద ఒరిగిపోయి ఉన్నాడు. గుండెపోటుతో ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయిందన్నారు డాక్టర్లు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు.

పక్కవాడు ఒంట్లో బాగోలేదంటే ఏ ఆనవాయితీ కోసమూ ఆగకండి. వెంటనే లేచి ఆస్పత్రికి తీసుకెళ్లండి.