వానలో ఆరని చుట్ట

1996 వానాకాలం. కోల్‌కతా రేవు పక్కన వాట్‌గంజ్‌లో, మూడు కుటుంబాలు బట్టలారేసుకునే మేడ మీద, తొమ్మిదడుగుల రేకుల గదిలో, తూర్పు భారతదేశంలోకెల్లా గొప్ప డిజైన్ సంస్థ ఒకటి వెలిసింది. దానికి యజమాని, మేనేజరు, ఆర్టిస్టు, చీపురు పట్టేవాడు అందరూ నేనే. ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైనర్ అంటే నెల జీతం ఇచ్చే దొర లేకుండా, లేబులో కార్డో కావలసినవాళ్ల దగ్గర పని ఒప్పుకుని గీసిచ్చేవాడు. అంతకు ముందు రెండేళ్లు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ మీద బెంగాలీ పెళ్లికార్డులు కూర్చాను. ఆ కార్డుల మీద సీతాకోకచిలుక తప్పనిసరి. దాని ఎడమ రెక్క ఎంత వాలాలో కూడా ఓనరే చెప్పేవాడు. ఒకరోజు ఆ సీతాకోకచిలుకతో పాటే నేనూ బయటికి ఎగిరిపోయాను.

కంప్యూటర్‌ని చాందినీ మార్కెట్లో ముక్కలు ముక్కలుగా కొని తెచ్చుకున్నాను. దాని మానిటర్ బరువు గురించి అబద్ధం చెప్పను. ఓడలోంచి బాయిలర్ దింపిన అనుభవం ఉన్న నలుగురు మా మెట్లెక్కుతూ మూడుచోట్ల కూర్చున్నారు. స్విచ్ వేస్తే వీధిలో లైట్లన్నీ ఓసారి కళ్లు మూసి తెరిచేవి. కింద ఎవరో ఒకరు, "రవణ డిజైను మొదలెట్టీసినాడు" అని ప్రకటించేవారు.

మా అయ్య రేవులో వించ్, అంటే ఓడలోంచి బరువులెత్తే యంత్రం, నడిపేవాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి పాతికేళ్లయినా ఆయన మాటలో సముద్రపు గాలి పోలేదు. నా సంస్థను ఆయన మెట్లదాకా వచ్చి చూశాడు, లోపలికి రాలేదు.

"ఒరే రవణా, దుర్గాపూజ దాకా సూస్తాను. నీ బొమ్మ సూసి, మన సుట్టం కానోళ్లు ఒక్కరైనా 'ఇది మాది' అనాల. అననేదా, కూలీల సర్దారుతో మాటాడీసినాను. గోడౌన్లో టాలీ గుమస్తా పని. బస్తాలు దిగుతుంటే లెక్కకి గీతలు గీయడమే. నీకూ గీతలే కదా కావాల?"

నా మొత్తం కళాజీవితాన్ని ఆయన అలా నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీతలోకి కుదించేశాడు.

శ్రావణం గడిచింది. నా సంస్థకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది మేడ మీద ఆరేసిన బట్టల కోసం వచ్చినవాళ్లే. అప్పుడొచ్చింది సూరమ్మత్త. అత్త అన్నది పిలుపే, చుట్టరికం లేదు. అరవై ఏళ్ల మనిషి, చుట్టలు చుట్టి అమ్మేది. ఊరి నుంచి పొగాకు తెప్పించి, తన చేత్తో చుట్టి, ఎర్రదారంతో కట్టలు కట్టి, గంప నెత్తిన పెట్టుకుని, లైన్లనే రేవు కూలీల ఇళ్ల వరసల నుంచి బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు లైన్ల దాకా తిరిగేది. ఆమె గిరాకీ అంతా మన తెలుగు ఆడవాళ్లే.

"అల్లుడా, బడ్జ్ బడ్జ్‌ల ఎవులో దొంగసచ్చినోడు నా దారమే కట్టి, కుళ్లిపోయిన ఆకు అమ్ముతున్నాడు. ఆడోళ్లొచ్చి నన్ను తిడతన్నారు. నిన్న ఒకర్తి నా జుట్టట్టుకుంది. కట్ట మీద అంటించడానికి ఒక కాయితం గీసీ."

"పేరు పెద్దగా వేద్దామా అత్తా?"

"పేరు సదివేవోళ్లు ఎవులున్నారు? మా ఆడోళ్లకి సదువు నేదు, మీ గుంటలకి తెలుగు సదవడం రాదు. బొమ్మ కావాల. సూడగానే 'ఇది సూరమ్మది' అనాల. నా బతుకు ఆ కాయితం మీదుంది, తెలిసిందా?"

తెలిసింది. నా బతుకూ దాని మీదే ఉందని ఆమెకు చెప్పలేదు.

ఆ రోజుల్లో మా వృత్తివాళ్ల దగ్గర క్లిప్ ఆర్ట్ అని ఒక సీడీ ఉండేది. ఎవరో ముందే గీసి పెట్టిన వేలాది బొమ్మల గుట్ట అది. అందులో టోపీ పెట్టుకుని చుట్ట కాలుస్తున్న ఒక దొర దొరికాడు. టోపీ తీసేసి కొప్పు పెట్టాను. కోటు విప్పి చీర కట్టాను. ముక్కుకి అడ్డబాస తగిలించాను. ఇక చుట్ట చివర నిప్పు! దానికి గ్రేడియంట్ వేశాను, అంటే ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా కరిగేలా చేయడం. పసుపు నుంచి ఎరుపు, ఎరుపు నుంచి కుంకుమ. ఆ నిప్పు దగ్గర చేతులు కాచుకోవచ్చు. మూడు రోజులు ఆ నిప్పు దగ్గరే ఉన్నాను.

ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు చూపించే నమూనా, తీసుకుని కిందికి దిగాను. మా వీధి పంపు దగ్గర బిందెల వరసలో సూరమ్మత్తతో పాటు అప్పలమ్మ కూడా ఉంది. అప్పలమ్మ అంటే వాట్‌గంజ్ హైకోర్టు. ఆమె తీర్పు మీద అప్పీలు లేదు.

సూరమ్మత్త కాగితం చూసింది. అప్పలమ్మ చేతికిచ్చింది.

"ఒలమ్మా! ఇదెవులే? నిప్పు బయటెట్టుకుంది!"

బిందెలన్నీ వరస వదిలేసి వచ్చాయి.

"మొగోడికి సీర కట్టినాడే!"

"దొరసానేమోనే. పాపం, తాగడం రాదు."

నా చెవులు నా గ్రేడియంట్ కంటే ఎర్రబడ్డాయి. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా ప్రాంతపు ఆడవాళ్లు చుట్టను అడ్డపొగ కాలుస్తారు. నిప్పున్న కొస నోటి లోపల, నిప్పు లేని కొస బయట. మా నాయనమ్మ అలాగే కాల్చేది. మా వీధిలో సగంమంది అలాగే కాలుస్తున్నారు, అప్పలమ్మ ఆ క్షణాన అలాగే కాలుస్తూనే నన్ను తిడుతోంది. పుట్టిన దగ్గర్నుంచి రోజూ చూసినదాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. సీడీలో ఉన్న దొరను నమ్మాను.

"ఇది అంటిత్తే," అంది సూరమ్మత్త నెమ్మదిగా, "సూరమ్మ మొగోళ్ల సుట్టలు అమ్ముతుందని ఒక్క కట్ట కొనరు. దొంగోడే నయం, అల్లుడా."

ఆ మాట మా అయ్యకు చేరడానికి నేను మెట్లెక్కినంతసేపు కూడా పట్టలేదు. అన్నం తింటూ, "సర్దారు మళ్లీ అడిగినాడు" అని మాత్రం అన్నాడు.

మర్నాడే నిప్పు చెరిపేశాను. చుట్ట తిప్పేశాను. ఇప్పుడు అంతా ఒప్పే. దాన్ని బిమల్‌దా దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాడు. చెక్క చట్రానికి బిగించిన సన్నటి బట్ట మీంచి రంగు తోసి అచ్చేసే పద్ధతి అది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కిందికి దించి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎటా కీ రే? దాఁతన్?"

ఇదేంట్రా, పళ్లు తోముకునే పుల్లా, అంటున్నాడు. నిజమే. నిప్పు లోపల దాక్కుంటే బయట మిగిలేది పుల్లే. నా బొమ్మలో సూరమ్మత్త పొద్దున్నే వేపపుల్ల నమిలే బామ్మలా ప్రశాంతంగా ఉంది. నిప్పు చూపిస్తే తప్పు, చూపించకపోతే చుట్టే కాదు. బుగ్గ ఉబ్బించి చూశాను, పంటినొప్పిలా వచ్చింది. బుగ్గలోంచి ఎర్రటి వెలుగు వచ్చేలా గీశాను, దయ్యంలా వచ్చింది. ప్రపంచంలో ఏ డిజైనర్‌కీ నోట్లో నిప్పున్న మనిషిని నిప్పు కనపడకుండా గీసే పని తగల్లేదని ఈనాటికీ నా నమ్మకం.

ఆ వారం బంద్ వచ్చింది. మా ఊళ్లో బంద్ అంటే పండగ కంటే శుభ్రంగా జరిగేది. ట్రాము లేదు, బస్సు లేదు, రైలు లేదు, నడిరోడ్డు మీద క్రికెట్. బిమల్‌దా దుకాణం మూసేశాడు. సూరమ్మత్త మాత్రం మనవాళ్లుండే మునిసిపల్ క్వార్టర్ల దాకా నడిచి వెళతానంది. ఏం చేయాలో తోచక, గొడుగు పట్టుకుని ఆమె వెనకే బయల్దేరాను.

ఖిదిర్‌పూర్ వంతెన మీదికి రాగానే వాన. వాన అనకూడదు, గంగ నిలువుగా లేచి నడిచొచ్చింది. నా గొడుగు మొదటి గాలికే తిరగబడి పువ్వులా విచ్చుకుంది. వంతెన మొదట్లో మూసిన దుకాణం చూరు కింద ఒక బెంగాలీ బాబు సిగరెట్ వెలిగించుకోవడానికి అగ్గిపెట్టె మొత్తం ఖాళీ చేశాడు, ఒక్క పుల్లా నిలవలేదు. పక్కనే ఒక రిక్షావాలా బీడీ తడిసి రెండుగా విరిగింది. నాకు తెలిసి ఆ ఘడియలో కోల్‌కతాలో ఉన్న నిప్పంతా ఆరిపోయింది.

సూరమ్మత్త ఆగలేదు. ప్లాస్టిక్ కప్పిన గంప నెత్తిన ఉంది. రెండు చేతులూ ఎత్తి దాన్ని పట్టుకుంది. జుట్టులోంచి, ముక్కుబాస మీంచి నీళ్లు కారుతున్నాయి. పెదవుల మధ్య చుట్ట కదలకుండా ఉంది. నోటి మూలనుంచి సన్నటి పొగ, తీరిగ్గా, వానలోకి వెళుతోంది. చూరు కింద బాబు ఆరిన సిగరెట్ పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"అత్తా, ఆరిపోలేదా?"

"ఎందుకారతాది? నిప్పు ఇంట్ల ఉంటే వానేటి సేస్తాది? మా అమ్మ నాట్లకెల్తే సేతులు మడిల, నెత్తి మీద వాన, నోట్ల నిప్పు. సేతులు కాలీ నేనోళ్లే ఇలాగ కాలుస్తారు." నడుస్తూనే నా గొడుగు వైపు చూసింది. "ఆ పువ్వు పారేసి రా."

పారేశాను. వంతెన మీంచి ఇంటిదాకా పరిగెత్తాను. బంద్ పుణ్యమా అని నన్ను ఏ బస్సూ గుద్దలేదు.

ఒక్క నల్లరంగుతో గీశాను. నెత్తిన గంప. ఎత్తిన రెండు చేతులు. పెదవుల మధ్య పొట్టి చుట్ట, కొసన నిప్పు లేదు. మీద ఏటవాలుగా, కాగితం ఈ చివర నుంచి ఆ చివరకు, దట్టమైన వాన గీతలు. ఆ గీతలన్నిటినీ దాటుకుంటూ నోటి మూలనుంచి ఒకే ఒక్క పొగ తీగ. కింద చట్టప్రకారం పొగాకు హానికరమన్న ఇంగ్లీషు ముక్క కూడా పెట్టాను. అదేటని సూరమ్మత్త అడిగితే చెప్పాను. "ఆ మాట డాక్టరుబాబు ఎప్పుడూ సెప్తాడు. నువ్వు అచ్చెయ్యాలేటి?" అంది. అచ్చెయ్యాలన్నాను. ఆ ఒక్క విషయంలో హైకోర్టు పైన ఢిల్లీ ఉందని ఒప్పుకుంది.

మళ్లీ పంపు దగ్గర బిందెలు. అప్పలమ్మ కాగితం తీసుకుంది. నవ్వడానికి నోరు సిద్ధం చేసుకుంది. నవ్వలేదు. పంపు నీళ్లు ఆమె బిందె నిండి, పొర్లి, వీధిలోకి పోతున్నాయి. ఆ పంపు దగ్గర నీళ్లు వృథాగా పోవడం అంతకు ముందూ, ఆ తర్వాతా ఎవరూ చూడలేదు.

"ఒలే సూరమ్మా," అంది గొంతు తగ్గించి, "ఈ గుంటడు మాయమ్మని ఎక్కడ సూసినాడే?"

వెనకనుంచి ఇంకొకామె, "మీయమ్మ కాదే, మా పెద్దమ్మ" అంది. కాసేపు ఆ కాగితం మీద ఉన్నది ఎవరి తల్లి అన్నదాని మీద పెద్ద తగవైంది. నేను అంత ఆనందంగా విన్న తగవు ఇంకోటి లేదు.

లేబుళ్లు అచ్చయి వచ్చిన సాయంత్రం మా అయ్య మొదటిసారి మేడ గదిలోకి వచ్చాడు. బిమల్‌దా అచ్చేసిన లేబుళ్లలోంచి ఒకటి తీసుకున్నాడు. బాగుందని అనలేదు. తన డ్యూటీ టిఫిన్ క్యారేజీ మూతకి అన్నం మెతుకుతో అంటించుకున్నాడు. మర్నాడు రేవులో సర్దారుతో, "మావోడికి కాలీ నేదు" అన్నాడట.

అసలు పరీక్ష కాళీపూజ ముందు వచ్చింది. సూరమ్మత్త బడ్జ్ బడ్జ్ నుంచి తిరిగొచ్చి, మెట్ల కిందనుంచే నవ్వుతూ నా చేతిలో ఒక లేబులు పెట్టింది. నాదే. అదే గంప, అవే చేతులు, అదే వాన. దొంగవాడు నకలు కొట్టాడు. నాకు ఒక్క రంగు, వాడికి రెండు. పాపం, ఈ డిజైనర్ నిప్పు పెట్టడం మరిచిపోయాడు అనుకున్నాడు కాబోలు. చుట్ట బయటి కొసన, ఎర్రగా, చక్కగా, ఒక నిప్పు చుక్క పెట్టాడు.

"మిల్లు లైన్ల ఆడోళ్లు కట్ట సూసి ఏటన్నారో తెలుసా అల్లుడా? 'అంత వానల నిప్పు బయటెట్టి నడుస్తుందేటి, ఇది సూరమ్మది కాదు' అని వాడి గంప మీదే ఇసిరీసినారు!"

ఆ తర్వాత వాడు ఆ వైపు కనపడలేదు. నేను మూడు రోజులు గీసిన తప్పును వాడు ఒక్క చుక్కలో చేశాడు. నేను పంపు దగ్గర చేశాను, వాడు బజార్లో చేశాడు. మా ఇద్దరికీ తేడా అంతే. బొమ్మను బాగా గీసేవాళ్లు ఊరంతా ఉన్నారు. అది ఎవరి కోసమో వాళ్ల వెనక వానలో ఓసారి నడవాలని ఆ చుట్ట నాకు నేర్పింది. దాని తర్వాత ఏ పని వచ్చినా ముందు కంప్యూటర్ స్విచ్ వేయలేదు, చెప్పులు వేసుకున్నాను.

ఇప్పుడు సాల్ట్ లేక్‌లో నాకు ఏసీ ఆఫీసుంది. మానిటర్ అప్పడమంత పలచన. గోడ మీద మూడు లేబుళ్లు ఫ్రేము కట్టించాను: నా దొరసాని, దొంగవాడి నకలు, మధ్యలో సూరమ్మత్త. టై కట్టుకుని వచ్చే పెద్ద కంపెనీలవాళ్లు కాఫీ తాగుతూ మధ్యలో ఉన్నదాని వైపు వేలు చూపించి, "ఇందులో నిప్పు పెట్టడం మరిచిపోయారు" అంటారు. నేను ఛాతీ నాలుగంగుళాలు పెంచుకుని, "ముందు మీరు వాన చూడండి" అంటాను.