మూడో తీగ ఇంటికి రాలేదు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. రెండు మాటలు. మా ఆవిడకు చెప్పలేదు. దేవుడి ముందు దండం పెట్టుకునేటప్పుడు కూడా దాని జోలికి పోకుండా లేచి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కాస్త తేలిక. ముఖం చూడాల్సిన పని లేదు.

నేను గిటార్లు చేస్తాను. భుజానికి తగిలించుకునేవి కావు. పెడల్ స్టీల్ అంటారు. బల్లలా కాళ్ల మీద నిలబడుతుంది, దాని ముందు కూర్చుని వాయించాలి. పది తీగలు, ఎడమచేతిలో ఉక్కు కడ్డీ. పెడల్ తొక్కితే తీగ బిగిసి స్వరం పైకి జారుతుంది. కాలు తీస్తే మళ్లీ తన చోటికి రావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే.

చిలకలగూడలో, స్టేషన్ దగ్గర, ఒక రేకుల షెడ్డు. అది మస్తాన్ ఉస్తాద్ పెట్టింది. నాకు పని నేర్పింది ఆయనే. టేకు పొట్టు, వార్నిష్, చాయ్ కలిసిన ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. స్వరం సరిచూసే ట్యూనర్ మిషన్ అంటే ఆయనకు చులకన. చెవి చాలు. స్టేషన్లో ఇంజన్ కూత వేస్తే, చేతిలో పని ఆపకుండానే ఆ స్వరాన్ని గొంతులో పట్టేవారు. “ఇయ్యాల దీనికి సర్ది అయింది, జెర కిందికి దిగింది” అనేవారు. నేను చేతిలో ఆకురాయి పడేసి మరీ నవ్వేవాణ్ణి.

గిటారు పూర్తయ్యాక ప్రతి పెడల్‌నూ వందసార్లు తొక్కి, కళ్లు మూసుకుని వినేవారు. వందసార్లూ తీగ తన చోటికి వస్తే, జేబులోంచి అత్తరు సీసా తీసి చెక్క అడుగున ఒక్క చుక్క రాసేవారు. అది ఎవరికీ కనపడదు. కానీ ఆ చుక్క పడకుండా మా గడప దాటిన గిటారు లేదు.

తీగల్ని లాగడానికి అల్యూమినియం వేళ్లుంటాయి. తీగకొకటి. అన్నీ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. వాటికి బెజ్జాలు వేసే పని ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు. పన్నెండేళ్లు బతిమాలితే నాకిచ్చారు. బెజ్జం ముందు కాస్త చిన్నదిగా వేయాలి. తర్వాత బెజ్జాన్ని లోపల గీకే రీమర్‌ను చేత్తో తిప్పుతూ, ఇరుసు దూర్చి చూసుకుంటూ, కొంచెం కొంచెంగా సైజుకు తేవాలి. ఒక్కో వేలికి ఒక పూట. తొమ్మిదింటికి అలాగే చేశాను. పదోది, మూడో తీగది, మిగిలింది. ఆ సాయంత్రానికే అన్నీ బిగించేసి శభాష్ అనిపించుకోవాలనిపించింది. రీమర్ పక్కన పెట్టి, నేరుగా అసలు సైజు బిట్టునే డ్రిల్లింగ్ మిషన్‌కు తగిలించి ఒక్క పోటు పొడిచాను.

బెజ్జం వదులైంది. చేతికి తెలిసింది. తెలిసే బిగించాను. ఎందుకు? తొందరా? పొగరా? రెండూ ఉన్నాయి కానీ, ఇరుసు మీద ఆ వేలు కదిలినప్పుడు నాకు కలిగింది భయం. పన్నెండేళ్లయినా వీడికి పని రాలేదన్న మాట ఆయన కళ్లలో చదవాల్సి వస్తుందేమోనన్న భయం.

మర్నాడు గురువారం. ఉస్తాద్ పరీక్షకు కూర్చున్నారు. నలభయ్యోసారో ఏమో, కాలు ఆగింది.

“మూడో తీగ ఇంటికి రాలే బేటా,” అన్నారు. “జెర బయటనే నిలబడ్డది. నీకు వినొస్తలేదా?”

“లేదు ఉస్తాద్. మంచిగనే వస్తుంది.”

మళ్లీ తొక్కారు. మళ్లీ విన్నారు. “అయితే నా చెవులకేమన్న అయిందా ఏందీ?”

“వయసు గద ఉస్తాద్,” అన్నాను.

ఆ రెండు మాటలే. ఆయనకప్పుడు యాభై ఎనిమిది.

శుక్రవారం ఆయన నమాజుకు వెళ్లారు. ఆ గంటలో వదులు వేలు ఊడదీసి, పాత డబ్బాలో ఆయన చేసిపెట్టుకున్న వేలొకటి దొరికితే దాన్ని బిగించాను. తప్పు దిద్దుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన విన్నదానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మాయం చేస్తున్నానని తోచలేదా? తోచింది.

ఆయన వచ్చి వందసార్లు తొక్కారు. వందసార్లూ తీగ ఇంటికి వచ్చింది. పెడల్ మీంచి కాలు తీసేశారు. “నిన్న నా చెవే దగా చేసింది బేటా. ఇగ నుంచి నువ్వే విను, నువ్వే పెట్టు,” అని అత్తరు సీసా నా చేతిలో పెట్టారు.

నేను తీసుకున్నాను.

వారం తిరక్కుండా ఆయనే ట్యూనర్ కొనుక్కొచ్చారు. ఆ తర్వాత చెక్కలు నున్నగా చేయడం తప్ప వేరే పని ముట్టుకోలేదు. ఒకరోజు స్టేషన్లో ఇంజన్ కూసింది. ఆయన తల ఎత్తారు. నోరు తెరిచారు. మళ్లీ తల దించుకుని ఉప్పుకాగితం రుద్దుకుంటూ పోయారు. నేను ఆ పూట అన్నం తినలేదు. కానీ నోరు మాత్రం విప్పలేదు.

తర్వాత షెడ్డు నాకప్పగించి, ఏ.ఎస్. రావు నగర్లో కూతురి ఇంటికి వెళ్లిపోయారు. ప్రతి రంజాన్‌కూ వెళ్లేవాణ్ణి. షీర్ ఖుర్మా గిన్నె చేతికిచ్చి, “దుకాణం ఎట్లుంది?” అని అడిగేవారు. మాట గొంతు దాకా వచ్చేది. షీర్ ఖుర్మాతో పాటు మింగేసేవాణ్ణి. పోయిన వానాకాలం ఆయన చనిపోయారు. మట్టి వేసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు వచ్చినవాళ్లు నీ చెవి బంగారమంటారు. తలూపుతాను. సీసా అడుగున ఇంకా కాస్త అత్తరు మిగిలి ఉంది. ఆ వదులు వేలు కూడా పారేయలేదు. మొన్న తీసి ఇరుసు మీద వేసి చూశాను. కదిలింది.

క్షమాపణ అడగడానికి ఆయన లేరు. మీరు క్షమించినా అది చెల్లదు. కానీ పదకొండేళ్ల తర్వాత ఈ మాట పైకి అంటున్నాను, ఊపిరి కాస్త తిరుగుతోంది.

ఉస్తాద్, ఆ గురువారం మూడో తీగ ఇంటికి రాలేదు. మీరు సరిగ్గానే విన్నారు. నాకూ వినిపించింది.