ఆపత్తులు ఆహ్వానింపబడుచున్నవి

ఉత్తరాదిలోని మా ఇందిరాపురం అపార్టుమెంటులో నా నిద్రకు భంగమూ, చుట్టుపక్కల తెలుగువారి ఇడ్లీకి ఆధారమూ ఒకటే. అది మా కింది ఫ్లాటులోని గ్రైండరు. తెల్లవారకముందే అది తిరగడం మొదలుపెట్టేది, నాకు మెలకువ వచ్చేది. ఏ రోజు ఏ వేళకు మొదలైందో డైరీలో రాసుకునేవాణ్ణి. అదంతా ఎందుకని నా భార్య అడిగితే, ఎప్పటికైనా అక్కరకు వస్తుందనేవాణ్ణి. లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం నాది. ఊరికే రాసుకోవడం నాకు చేతకాదు.

ఆ గ్రైండరు యజమానురాలు కాకినాడ వైపు మనిషి. అందరికీ ఆంటీ, నాకు పిన్నిగారు. కూతురు పొద్దున్నే గురుగ్రామ్ ఆఫీసుకు వెళ్ళిపోతే తోచక పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు పంజాబీ ఇళ్ళవారు సైతం ఆమె కిటికీ ముందు నిలబడసాగారు. అంతలో నగరాభివృద్ధి కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. ఇది నివాస ప్రాంతమనీ, ఇంట్లో వ్యాపారం చెల్లదనీ, వెంటనే ఆపాలనీ దాని సారాంశం.

ఆమె ఆ దిగులులో ఉండగానే అదే కార్యాలయం వారు గేటుకు మరో ప్రకటన అంటించారు. మా రోడ్డును మిశ్రమ వినియోగంలోకి మార్చే ఆలోచన ఉందట. అలా మారితే కింది అంతస్తుల్లో చిన్న వ్యాపారాలకు అనుమతి దొరుకుతుంది. మారితే గ్రైండరు ఉంటుంది, మారకపోతే ఆగుతుంది. ప్రకటన చివర హిందీలో ఒక వాక్యం ఉంది: ‘ఆపత్తియాఁ ఆమంత్రిత్ హైఁ.’

పిన్నిగారు చిన్నతనంలో హిందీ పరీక్షలు ప్యాసైన మనిషి. ఆపత్తి అంటే ఆపద అని పాఠంలో చదువుకున్నారు. జనం ఆపదలు చెప్పుకోమని పిలిచే ఆఫీసు కూడా ఉంటుందా అని మురిసిపోయి, ‘నా ఆపత్తి’ అని పైన పెద్ద అక్షరాలతో రాసి, కింద తన గోడు వెళ్ళబోసుకున్నారు. అంతటితో ఆగక, పిండి కొనే తెలుగువారందరిచేతా తలొక ఆపత్తి రాయించారు. ఆటోవాళ్ళ దగ్గరా కూరగాయల బండి దగ్గరా నేర్చుకున్న మా వాళ్ళ హిందీలో ఆ మాట ఎప్పుడూ తగల్లేదు. ఎవరికీ అనుమానం రాలేదు. ఆ వారమంతా నేను ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ లెక్కల్లో మునిగి ఉన్నాను.

బహిరంగ విచారణకు పిన్నిగారిని నా కారులోనే తీసుకెళ్ళాను. కార్యాలయం వారు కాగితాల శీర్షికలు మాత్రమే చూసి దొంతులు కట్టినట్టున్నారు. అన్ని రోడ్లలోకీ మా రోడ్డు మీదే ఎక్కువ ఆపత్తులు వచ్చాయనీ, ప్రజాభిప్రాయాన్ని మన్నించి దాన్ని జాబితా నుంచి తొలగిస్తున్నామనీ అధికారి చెప్పాడు. మర్యాదస్తుడు కాబట్టి ముందువరుసలో ఉన్న పిన్నిగారిని చివరిసారిగా అడిగాడు.

“మాతాజీ, ఆపత్తి వాపస్ లేనీ హై క్యా?”

ఆమె నావైపు వంగి, “ఆపద వెనక్కి తీసుకుంటారా అంటాడేంటి బాబూ ఈయన? వదిలించుకుందావనేగా ఇంత దూరం వచ్చాం,” అన్నారు. ఆ పైన లేచి నిలబడి స్పష్టంగా జవాబిచ్చారు. “నహీఁ భయ్యా. ఆపత్తి ఆప్ హీ రఖియే.”

ఆపత్తి మీరే ఉంచుకోండన్న ఆ మాటకు హాలంతా నవ్వింది. అధికారి కలం ఎత్తాడు. నాకప్పుడు వెలిగింది.

“పిన్నిగారూ, ఈ ఆఫీసులో ఆపత్తి అంటే ఆపద కాదండీ, అభ్యంతరం. రోడ్డు మార్చొద్దని మనమే రాసిచ్చినట్టయింది.”

ఆమె “మరి అభ్యంతరాన్ని అభ్యంతరం అని ఏడవచ్చుగా!” అని, చెంగు బిగించి తిన్నగా బల్ల దగ్గరకు నడిచి, కాగితం మీద వేలు పెట్టారు. “నీచే పఢియే, భయ్యా.”

ఆయన కిందిది చదివాడు. ఈ రోడ్డు మారకపోతే గ్రైండరు ఆగిపోతుంది, కూతురు వచ్చేదాకా నేను గోడలు చూస్తూ కూర్చోవాలి, ఇదే నా ఆపత్తి అని ఉంది. రెండోది తీశాడు, మూడోది తీశాడు. అన్నింట్లోనూ ఇడ్లీ గురించిన ఆందోళనే. నవ్వాపుకుంటూ ఆ దొంతిని సూచనల వైపుకు జరపమన్నాడు. తర్వాత నియమం ప్రకారం, మా రోడ్డు నుంచి నిజమైన ఆపత్తి ఏదైనా ఉందా అని సభను అడిగాడు.

నా సంచిలో డైరీ ఉంది. పిన్నిగారు వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నారు. ఆ గ్రైండరుకు సరిగ్గా పై గదిలో ఎవరు పడుకుంటారో ఆమెకు తెలుసు.

ఆపత్తి లేదన్నాను. కాకపోతే ఒక సూచన ఉందన్నాను.

తర్వాత వచ్చిన ఉత్తర్వులో మా రోడ్డు మారింది. మోత చేసే యంత్రాలను ఉదయం ఆరు దాటాకే నడపాలన్న షరతు కూడా ఉంది. పిన్నిగారు దాన్ని చదివి, “ఈ పుణ్యం ఎవరిదో!” అని పిండి పొట్లం నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు గ్రైండరు సరిగ్గా ఆరింటికే మొదలవుతోంది. నాకు మాత్రం పాత వేళకే మెలకువ వచ్చేస్తోంది. అదెప్పుడు తిరుగుతుందా అని ఎదురుచూస్తూ పడుకుంటున్నాను.