చంద్రవ్వ దిమ్మిస, సాక్సఫోన్, కామాటిపురా

జాజ్ నాకు పడదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నెవరూ తిట్టుకోవద్దు. పనిమీద ముంబైలో వారం ఉండాల్సి వచ్చింది. శనివారం ఏం చేయాలో తోచక ఫోను తిప్పుతుంటే పూజ అనే కవయిత్రి పెట్టిన ప్రకటన కనబడింది: కామాటిపురా తెలుగు చాల్‌లో ప్రయోగాత్మక జాజ్, కవిత్వం, శబ్దకళ, చివర్లో ఆమె నాయనమ్మ చంద్రవ్వ దిమ్మిస పాట. దిమ్మిస అంటే నేల గట్టిపడడానికి కూలీలు వరసగా నిలబడి తలా ఒకటి ఎత్తి వేసే, పొడుగు పిడి ఉన్న ఇనుప దిమ్మ. దానికో పాట ఉంటుందని నాకు తెలియదు. ఆ ఒక్కదాని కోసం బయల్దేరాను.

అయిదున్నరకు దాదర్‌లో వెస్టర్న్ లైను స్లో లోకల్ ఎక్కాను. టికెట్ అయిదు రూపాయలు, పావుగంటలోపే ముంబై సెంట్రల్. అక్కడి నుంచి ఫోరస్ రోడ్ మీదుగా నడక. సాయంత్రం ఆ రోడ్డులో టాక్సీ జోలికి పోకండి, నడిచేవాడే ముందు చేరతాడు. ఇడ్లీ బండి ఆయన్ని దారి అడిగితే, "తెలుగోళ్ల చాలా? సీదా పోండ్రి. లొల్లి ఇనబడ్తది, గాడనే" అన్నాడు.

చాల్ అంటే అంతస్తుకు వరసగా ఒంటిగదులుండే పాత భవనం. దాని కింది అంతస్తులో భజనలు జరిగే హాలు. ప్రవేశం ఉచితం, కూర్చోవడానికి చాపలు. ఆరున్నరకు దీపాలు తగ్గించి, ఆ చాల్‌లోనే రికార్డు చేసిన చప్పుళ్లు వినిపించారు: నీళ్ల వంతుకు బిందెల గొడవ, చెక్కమెట్ల కిర్రు, గదిగదికీ కుక్కర్ ఈల. వాటి మధ్యలోకి మెల్లగా సాక్సఫోన్ దూరింది. అబ్బ! ఒళ్లు జలదరించింది. జాజ్ మీద నా పంతం సగం అక్కడే పోయింది.

తర్వాత పూజ మరాఠీలో కవిత చదివి, సముద్రాన్ని పూడ్చిన నేల మీద ఆ పాట పాడిన కూలీల వరసలో ఇక మిగిలింది తన ఆజీ (నాయనమ్మ) ఒక్కతే అని చెప్పింది. దాన్ని రికార్డు చేయాలని రెండేళ్లుగా వెంటపడుతోందట. చంద్రవ్వను కుర్చీలో కూర్చోబెట్టి మైకు పెట్టారు. ఆమె నోరు తెరిచింది. పాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. ఊహూఁ.

"ఖాలీపీలీ కుర్సీల కూసోని పాడుమంటే ఎట్లొస్తది పోరీ? చేతులల్ల బరువుండాలె. యాదుండేది చేతులకు, నోటికి గాదు" అంది. పూజ ముఖం పాలిపోయింది. చేతిలోని రికార్డర్ ఆపేసి పక్కన పెట్టింది.

నా పక్కన కూర్చున్న భీమయ్య లేచాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి పక్క బిల్డింగులో కూలి చేస్తున్నాడు. "మా సైటుల ఉన్నది, తెస్త" అని వెళ్లి, అయిదు నిమిషాల్లో దిమ్మిస తెచ్చాడు.

"బరువుంటదవ్వా."

"నాకే జెప్తున్నవా?"

హాలంతా నవ్వింది. చంద్రవ్వ కొంగు దోపి, దిమ్మిస ఎత్తింది. ఎత్తగానే గొంతు లేచింది.

"దరియాను ఎనకకు నెట్టినోళ్లమో..."

అంతే, ఆగిపోయింది. దిమ్మిస గాలిలోనే ఉంది. మరిచిపోయిందనుకుని సాక్సఫోన్ ఆయన పాట అందుకోబోతే తల అడ్డంగా ఊపింది. నాకు భయమేసింది.

"జవాబు రాంది దించరు సార్" అని భీమయ్య గుసగుసలాడాడు. "వరసల ఎవలన్న తయారు లేకుంటే కాలు నుజ్జయితది. నేను ఈడికెల్లి అంటే నడ్వదు. ఎదురుంగ నిలబడ్డోళ్లే అనాలె."

ఆ గుసగుస పూజ చెవిన పడిందో ఏమో, వచ్చి ఎదురుగా నిలబడింది. ఒట్టి పాదాలు, దిమ్మిస కింద నుంచి జానెడు దూరం.

"హైలేసా!"

దిమ్మిస దిగింది. నా కాళ్ల కింద నేల అదిరింది. రెండో ఎత్తుకు సాక్సఫోన్ ఆయన వాయిద్యం దించి వరసలో చేరాడు, మూడోదానికి భీమయ్యా నేనూ. ఇంత గొప్ప సంగీతం నేనెక్కడా వినలేదు. ఎనిమిదింటికల్లా హాలులో ఇంకా కూర్చునే ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు, అందరూ వరసలోనే.

అంతా అయ్యాక పూజ తల పట్టుకుంది. రికార్డర్ ఆపింది ఆపినట్టే ఉంది! రెండేళ్ల ఆశ, ఒక్క ముక్కా దొరకలేదు. ఆమె ఏడుస్తుంటే నాకూ కళ్లు చెమర్చాయి. చంద్రవ్వ మాత్రం చాయ్ ఊదుకుంటూ, "పోతే పోనియ్. వరసైతే దొరికింది గద" అంది. ఆ పాట డబ్బాలో దాచేది కాదని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ప్రతి శనివారం ఆరున్నరకు పాడుతున్నారట. వెళితే ఫోను జేబులో పెట్టుకుని వరసలో నిలబడండి, గట్టిగా జవాబు చెప్పండి. మీరు అనేదాకా ఆమె దించదు.