అడుగు లేని సంచులు

నాలుగు వంకాయ మొక్కల కోసం ఇరవై గ్రో బ్యాగులు, అదే మొక్కలు పెంచే గుడ్డ సంచులు, కొన్న ఘనత మా వీధిలో నా ఒక్కదానిదే. అదీ మొక్క జానెడు పెరిగేసరికి ఇరుకైపోయే చిన్నవి. అదీ కుట్టు సరిగా లేదని అంగడివాడే పక్కన పడేసినవి. వాటికోసం చిక్కబళ్ళాపురం నుంచి చింతామణి దాకా వెళ్ళాను. ఆడవాళ్ళకు సర్కారు బస్సు ఊరికే కదా! టికెట్టు లేకుండా అంత దూరం పోయి, బేరమాడకుండా తిరిగి రావడానికి నాకు మనసొప్పలేదు.

మొక్కలు మా అత్తవి. నాగరగెరెలోని మా చేలో ఆమె ఏళ్ళ తరబడి పండించిన చారల గుండ్రటి వంకాయ అది. ఆ చేను ఇప్పుడు కౌలుకిచ్చాం, కౌలుదారు గులాబీలు వేశాడు. అత్త మా ఇంటికి వచ్చేటప్పుడు బూడిదలో కలిపి మూటగట్టుకొచ్చిన విత్తనాల్లో చివరి చిటికెడు ఈసారి చల్లింది. నాలుగంటే నాలుగే మొలిచాయి. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. ఈ నాలుగూ కాయకపోతే ఆ వంకాయ పని అయిపోయినట్టే. అత్త ఆ మాట ఒక్కసారే చెప్పింది. కానీ రోజూ కాఫీ లోటాతో మిద్దె మీదికి వెళ్ళి నారు పక్కనే కూర్చునేది.

"పెద్ద సంచులు నాలుగు తేమ్మా. మొదట్నే పెద్దదాంట్లో పెడితే మళ్ళా కదిలించే పని ఉండదు" అని చెప్పి మరీ పంపింది.

చింతామణి నా పుట్టిల్లు. మా నాన్నది పాత గోనెసంచుల అంగడి. సంచుల గురించి నాకొకరు చెప్పేదేముందని నా ధీమా. గ్రో బ్యాగుల అంగడివాడు పెద్ద సంచి తొంభై అన్నాడు. నేను మూలనున్న చిన్నవాటి కట్ట మీద చెయ్యేశాను.

"అవి సెకండ్సమ్మా. కుట్టు బాగలేదని ఆడ పడేసిండేది."

"పడేసిండేదానికి రేటేముందప్పా? ఊరికే ఇస్తాండావా?"

"ఇరవై ఉండాయి. ఏడు నూర్లియ్యి."

"నాలుగు నూర్లు. దానికి మించి ఒక్క రూపాయి రాదు."

"నీకెన్ని చెట్లుండాయమ్మా?"

"నాలుగు."

"నాలుగు చెట్లకు ఇరవై సంచులేం జేస్తావు?"

"అది నా తిప్పలు. నువ్వు కట్ట కట్టు."

కట్టేశాడు. మారు మాట్లాడకుండా కట్టేశాడు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. మా అంగట్లో మేమంత తొందరగా ఒప్పుకున్నామంటే ఆ సరుకు వదిలించుకున్నామని అర్థం. గెలిచిన సంబరంలో అది గుర్తుకు రాలేదు.

ఇంటికొచ్చి కట్ట విప్పితే అత్త ఒక సంచి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఏమ్మా, చెట్లకు టోపీలు తెచ్చినావా?"

టోపీల్లోనే నాటాం. మొక్కలు మాత్రం నా బేరాన్ని లెక్కచేయకుండా పెరిగాయి. పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికే ఆవిరయ్యేవి. కొన్నాళ్ళకు సంచి బయట తెల్లటి వెంట్రుకల్లాగా వేళ్ళు కనబడ్డాయి. ఎండెక్కితే ఆకులు చెవులు వేలాడేసేవి.

"ఇంగ దీంట్లో మన్నెక్కడుండాది? అంతా వేర్లే" అంది అత్త. "పెద్దదాంట్లోకి మార్చకుంటే పూత నిలవదు."

ఈసారి బాగేపల్లి. అక్కడి పాత సామాన్ల గుజరీ అంగట్లో పెయింటు అయిపోయిన పెద్ద బకెట్లు చవకని విన్నాను. ఒక్కోటి అరవై చొప్పున నాలుగు తెచ్చాను. మధ్యలో వడ, కాఫీ. తిరుగు బస్సులో కండక్టరు బకెట్లను చూసి ఆగాడు.

"నాకు ఊరికే కదప్పా" అన్నాను.

"నీకు ఊరికేనమ్మా. బకెట్లు ఆడోళ్ళు కాదు కదా!"

పేరేసంద్ర దాటేదాకా వాదించాను. బస్సంతా ఆయన పక్షమే. లగేజీ ముప్పై కట్టాను.

బకెట్ల అడుగున రంధ్రాలు పెట్టి, మన్నూ ఎరువూ కలిపి సిద్ధం చేశాం. అత్త కత్తెర తెచ్చింది. "సంచి కోసెయ్, మొక్క కదలకుండా వచ్చేస్తాది" అంది. నాకు చేతులు రాలేదు. మా నాన్న అంగట్లో కోసిన సంచి ఉత్త గుడ్డ, కోయని సంచి సరుకు. పైగా ఇవి నేను బేరమాడి తెచ్చినవి! మొదటి మొక్కను సంచితో సహా తలకిందులు చేసి, చుట్టూ తట్టి, మెల్లగా లాగాను. మెల్లగానే వచ్చింది, సగం వేళ్ళు గుడ్డకే వదిలేసి. నాటాను. మర్నాటికి వాలిపోయింది. రెండు రోజులు నీడలో పెట్టి చూశాం, లేవలేదు.

అత్త మొక్కను చూడలేదు. ఖాళీ సంచిని ఎత్తి దులిపింది.

"సంచికేం నొప్పి తగల్లేదులేమ్మా. అది బతికిండాది."

ఇక మిగిలినవి మూడే.

రెండో సంచి ముందు కూర్చున్నప్పుడు పక్క కుట్టు కొసన వేలాడుతున్న దారం కనబడింది. మా నాన్న గోనెసంచి మూతి విప్పే తీరు కళ్ళముందు కదిలింది. ఆ కుట్టులో సరైన కొసను పట్టుకుని లాగితే వరసంతా దానంతటదే ఊడిపోతుంది. ఇంకో కొస లాగితే బిగుసుకుంటుంది. ఈ సెకండ్స్ కుట్టూ అలాంటిదే. కొస వెతికి లాగాను. టర్రుమని సంచి పక్క మొత్తం విచ్చుకుంది. గుడ్డను వేళ్ళ మీది నుంచి కొంచెం కొంచెంగా వలిచాను. మట్టి ముద్ద చెదరలేదు.

"యాడ నేర్చుకుంటివే ఇది?"

"మా నాయన అంగట్లో అత్తా."

"మొన్న మొదటి చెట్టప్పుడు ఆ అంగడి మూసిండిరా?"

సంచి అడుగు మాత్రం ఊడి రాలేదు. దాని కుట్టూ విప్పాను కానీ, వేళ్ళు ఆ గుండ్రటి గుడ్డలోంచి అల్లుకుని కిందికి దిగిపోయాయి. లాగితే మొదటి మొక్క గతే. అత్త రెండు చేతులతో మొక్కను పట్టుకుని నా వైపే చూస్తోంది. ఈసారి కత్తెర నేనే అడిగి తీసుకున్నాను. వేరు తెగకుండా అడుగు గుడ్డకు అక్కడక్కడ గాట్లు పెట్టి, గుడ్డతో సహా బకెట్లోకి దించేశాను. మిగతా రెండూ అంతే. అత్త తన పాత చీర వాటిపైన పందిరిలా కట్టింది.

కొత్త చిగురు వచ్చిన రోజు అత్త నన్ను మిద్దె మీదినుంచి కేకేసి పిలిచింది, టోపీల సంగతి ఎత్తలేదు. తర్వాత పూత నిలిచింది, చారల కాయలూ వచ్చాయి. మొక్కకొక మంచి కాయను అత్త కోయనివ్వకుండా పసుపుపచ్చగా పండేదాకా ఉంచింది. ఇప్పుడు ఆ విత్తనాలు మళ్ళీ బూడిదలో, మూటలో ఉన్నాయి.

ఇక లెక్క. మన్నూ ఎరువూ ఎలాగైనా కావాలి కాబట్టి వేయడం లేదు. సంచులు నాలుగు వందలు. బకెట్లు రెండు వందల నలభై. లగేజీ ముప్పై. వడ, కాఫీ అరవై, నాకూ కండక్టరుకూ వాదన జరిగిందే ఆ బలంతో. మొత్తం ఏడు వందల ముప్పై. అత్త మాట వినుంటే నాలుగు పెద్ద సంచులకు మూడు వందల అరవై. వాడని పదహారు సంచులను ఆ అంగడివాడికే తిరిగి ఇవ్వబోతే నవ్వి టీ తెప్పించాడు, సంచులు మాత్రం తీసుకోలేదు. అడుగు లేనివి మూడు, వేళ్ళు ఇరుక్కున్నది ఒకటి, దేనికీ పనికిరావు. నాలుగో బకెట్టుకు రంధ్రాలు పెట్టేశాను, బట్టలు నానబెట్టడానికీ లేదు. తిన్న వంకాయలూ, మూటలోని విత్తనాలూ అత్తవి, వాటిని నా జమలో రాసుకుంటే దొంగలెక్క అవుతుంది.

నికరంగా నష్టం మూడు వందల డెబ్బై రూపాయలు, ఒక మొక్క.