వంగ వేళ్ల ముడులు

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీ మూతపడింది. వ్యవసాయాధికారి పోటీ పరీక్షకు నాలుగు రోజులే ఉన్నాయి, నేను మాత్రం వేళ్లకు ముడులు కట్టించే నెమటోడ్ పురుగు పట్టిన వేరును ఇంకా కళ్లతో చూడలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చంపాపేట్ దాకా నడిచి, అక్కడ వంగతోట సాగు చేస్తున్న ఒక పెద్దమ్మను వాడిన మొక్క ఒక్కటి అడిగాను.

"జల్ది పీక్కో బిడ్డా, రోడ్డు మీద పోలీసులు తిరుగుతున్నరు."

వేళ్ల నిండా ముడులే. పల్లి వేళ్లకుండే మేలుచేసే బుడిపెలు గోటితో గీరితే రాలతాయి, పురుగు ముడులు రాలవు అని నా నోట్సులో ఉంది. గీరాను. రాలలేదు. దొరికిందని సంబరపడ్డాను.

"గీ గడ్డలు మంచియే గదా? పల్లికి గట్లనే ఉంటయ్."

"కాదు పెద్దమ్మా, పురుగు."

నివారణల జాబితాలో మొదటిది, పట్టిన మొక్కలన్నీ పీకి కాల్చడం. అది నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె తోటంతా చూసి, పచ్చగా ఉన్న మొక్కను తనే పీకి, దీనికీ పట్టిందేమో గీరి చూడమని నా చేతిలో పెట్టింది.