చేతుల్లో పుట్టిన మాటలు

నేను నంద్యాలలో తెలుగు చెప్పే బడికి సరస్వతి విగ్రహం కావాల్సి వచ్చింది. ఆళ్లగడ్డ వెళ్లి శిల్పులకు చెప్పి వచ్చే పని నాకు అప్పగించారు. ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. శిల్పశాల యజమాని నాతో బేరం ముగించుకుని, రుద్రవరంలో పని ఉందని బయల్దేరాడు.

"మా పెద్ద శిల్పి ఈడే ఉండాడు సార్. ఆయప్పకు పుట్టినప్పట్నుంచి వినపడదు, మాటా రాదు. మీకెట్ల కావాల్నో ఆయప్పకే చెప్పండి" అన్నాడు పోతూ పోతూ.

ఇరవై ఏళ్లుగా భాష గురించి పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఆ మనిషి ముందు ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. కాగితం మీద రాసి చూపిస్తే, చదువు రాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. సరేనని వీణ వాయిస్తున్నట్టు వేళ్లు కదిలించాను. అది అర్థమైంది. ఇక హంస. మెడ సాగదీసి, చేతులు రెక్కల్లా ఆడించాను. ఆయన కాసేపు నన్నే చూసి, రాతిపొడిలో వేలితో ఒక బొమ్మ గీశాడు. చక్కని కోడిపుంజు. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

మధ్యాహ్నం ఆయన భార్య అన్నం క్యారియర్ తెచ్చింది. వాళ్లిద్దరి చేతులు గబగబా కదిలాయి. ఆమె నా వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా హంస సంగతి ఆమెకు చేరిపోయింది.

"ఈ సైగలన్నీ యాడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగాను.

"ఎవురు నేర్పుతారు సార్? పెండ్లైన కొత్తలో నేను చెప్పేది ఆయప్పకు తెలీదు, ఆయప్ప చెప్పేది నాకు తెలీదు. ఒకరోజు కూరలో ఉప్పు లేదని నాలిక మీద వేలు పెట్టి మొగం ముడుచుకున్న్యాడు. ఆ పొద్దు నుంచి మా ఇంట్లో అదే ఉప్పు. అట్లా ఒగటొగటే చేసుకుంటిమి. కొన్నిటికి కొట్లాడుకుంటిమి గూడా."

"కొట్లాటెందుకు?"

"మా యమ్మకు ఆయప్ప పెట్టిన గుర్తు నాకు నచ్చలే." ఆమె బుగ్గలు రెండూ ఉబ్బించి చూపించింది. శిల్పి ఏమీ ఎరగనట్టు ముద్ద కలుపుకుంటున్నాడు.

"మా పాప నోటితో అమ్మా అనకముందే చేత్తో నాయనా అనింది సార్" అంటూ ఆమె ఎడమ పిడికిలి మీద కుడి పిడికిలితో రెండుసార్లు తట్టింది. ఉలీ, సుత్తీ.

లోకంలో మొదటి మాట ఎలా పుట్టిందని బళ్లో పిల్లలు అడిగితే, ఎవరూ చూడలేదని చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఈమె మాత్రం ప్రతి మాటా ఏ రోజు, ఏ గొడవలో పుట్టిందో చెప్పగలదు.

విగ్రహం నిలిపిన రోజు ఆ ముగ్గురూ బడికి వచ్చారు. మా పిల్లలు పాప చుట్టూ చేరి అడిగిందే అడిగి సాయంత్రానికి పాతిక సైగలు నేర్చుకున్నారు. మర్నాటికి సొంతంగా మరికొన్ని కల్పించారు. ఇప్పుడు నేను పాఠం చెబుతుంటే తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది. బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక అందరూ మాట్లాడుకుంటూనే ఉంటారు.